టీవీకి చెప్పుకున్న మాట

నా చెల్లెలికి నా మనసు తెలుస్తుందని ఎనిమిది నెలలు నమ్మాను. ఒక కడుపున పుట్టినవాళ్లం, ఇక్కడ వరంగల్‌లో నాకు ముల్లు గుచ్చుకుంటే అక్కడ వర్ధన్నపేటలో దానికి చురుక్కుమంటుందని, మిర్చి మార్కెట్లో నా పక్కన కూర్చునే ఆడవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను. దానికి తెలిసిన మాట నిజమే. మనసుతో తెలుసుకోలేదు, ఫోన్‌తో తెలుసుకుంది.

ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా పై గదిలో అద్దెకుండే టీచరమ్మ రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి రాదు. ఆమె రాసింది మళ్లీ నాకు చదివి వినిపిస్తుంది. నేను అనని మాట ఏదన్నా ఉంటే కొట్టేయిస్తాను.

నా భర్త పోయి రెండేళ్లు దాటింది. మాకు పిల్లలు లేరు. మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసే కూలికి పోతాను. ఇరవై ఏళ్లు ఆ ఘాటు పీల్చీ పీల్చీ గొంతు బొంగురు పోయింది. ఫోన్‌లో కొత్తవాళ్లు నన్ను సార్ అంటారు. మెల్లగా మాట్లాడితే గాలి తప్ప మాట రాదు, అందుకని ఏది చెప్పినా గట్టిగానే చెబుతాను.

మా దగ్గర భర్త పోయిన ఆడదానికి తల్లిగారి నుంచి చీర రావాలి. నాకు తల్లిగారిల్లు అంటే చెల్లెలే, ఇంకెవరూ మిగల్లేదు. పదకొండో రోజు చీర అదే పెట్టింది. ఏడాది మాసికం అయిన తెల్లారి ఆటోలో టీవీ పెట్టె పట్టుకొచ్చింది.

"గిదేందే? గింత పెద్దది నాకెందుకు?" అన్నాను.

"ఒక్కదానివి గోడలు చూస్కుంట కూసుంటానవ్ గదక్కా. గిది మాట్లాడ్తది. ఏమడిగితే అది తెస్తది."

"చాయ్ తెస్తదా?"

"గదొక్కటి తేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. భర్త పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. కేబుల్ అతను నెట్ వైరు కూడా లాగి పెట్టి పోయాడు. చెల్లెలు పదో తరగతి చదివింది, రిమోట్ పట్టుకొని అదే ముందు కూర్చుంది. తెర మీద ఒక రాత వచ్చేది, కింద రెండు గళ్లు ఉండేవి. చెల్లెలు ఒక గడి నొక్కేది. ఇంకో రాత వచ్చేది. అది చదవకుండానే నొక్కేది.

"ఏమడుగుతాందే అది?"

"ఏం లేదక్కా. ఒప్పుకుంటున్నవా అంటాంది. ఒప్పుకుంటెనే నడుస్తది."

"నన్నడుగుతాందా, నిన్నడుగుతాందా?"

"ఇద్దర్ని అనుకో."

ఆఖర్న మెయిల్ అడిగిందట. "నీకు మెయిల్ లేదు గదా, నాది పెడ్తాన" అంది. పెట్టు అన్నాను. ఆ మాట అన్నది నేనే, దానికి ఇంకొకరిని అనేది లేదు.

రిమోట్ మీద మైకు బొమ్మ ఉన్న గుండీ చూపించి, ఇది పట్టుకొని అడుగు, చదువు రాకున్నా ఫికర్ లేదు అని చెప్పి పోయింది.

అడగడంలోనే ఉంది నేను చేసిన తప్పు. మేము ఎవరినీ ఏదీ ఉత్తగా అడగం. దవాఖానలో చీటీ రాసే మనిషినైనా సరే, మేము ఎవరమో, ఎక్కడి నుంచి వచ్చామో, ఈ అవసరం ఎట్లా పడిందో ముందు చెప్పుకొని ఆఖరికి అడుగుతాం. సరాసరి అడిగితే ఈమెకు పొగరు అనుకుంటారని మా అమ్మ నేర్పిన పద్ధతి. టీవీని కూడా అట్లాగే అడిగాను. రిమోట్ నోటి దగ్గర పెట్టుకొని, "అమ్మా, నేను మిర్చి మార్కెట్ల తొడిమెలు తీస్త, పొద్దంత కూసునుడే" అనేసరికి అది టుంగుమని ఆగిపోయేది. మళ్లీ నొక్కి, "ఎడమ మోకాలు లేస్తాంటె పట్టుకుంటాంది" అనేదాన్ని. మళ్లీ ఆగేది. మళ్లీ నొక్కి, "దవాఖానకు పోయేటంత టైం లేదు, ఏం రాసుకోవాలె" అని ముగించేదాన్ని. ఇట్లా మూడు నాలుగు ముక్కల్లో నా కథంతా దాని ముందు పెట్టేదాన్ని. నా గొంతు దానికి ఒక్కసారికి పట్టేది కాదు, రెండోసారి ఇంకా గట్టిగా అరిచేదాన్ని. ఆఖరికి ఏదో ఒక డాక్టరు తెర మీదికి వచ్చి మోకాళ్ల గురించి చెప్పేవాడు.

రెండు రోజులకు చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మోకాలు ఎట్లున్నదే?"

"నీకెట్ల తెల్సే?"

"తెల్వదా మరి! అక్కవు గాదూ."

బస్సు డ్రైవర్ చేతికిచ్చి సీసాడు నువ్వుల నూనె పంపించింది. ఆ సీసా పట్టుకొని బస్టాండ్‌లోనే ఏడ్చాను. ఇంకో నెలలో మేడారం జాతర వీడియోలు వరుసగా చూశాను, ఎవరితోనూ అనలేదు. వారం తిరగకుండా, "ఈసారి మేడారం పోదమా అక్కా, నీకు పోవాలనున్నది గదా" అంది. ఒంటరిదాన్ని కదా, నా మనసులో ఏముందో కనిపెట్టే మనిషి భూమ్మీద ఒకరున్నారని ఆ రోజు ఎంత కడుపు నిండిందో చెప్పలేను.

ఇక అతని సంగతి చెప్పాలి. మా షెడ్డులో మిర్చి బస్తాల మూతులు మిషన్‌తో కుట్టే మనిషి. భార్య పోయి ఐదేళ్లు. కొడుకూ కోడలూ ఉన్నారు. మార్కెట్లో అందరూ నన్ను అక్కా అంటారు, ముసలివాళ్లు కూడా. అతను ఒక్కడే ఏ వరసా పెట్టకుండా పిలిచేవాడు. "ఇగో", "ఇటు చూడు" అనేవాడు. నేను గమనించాను కానీ గమనించనట్టే ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు అతని కూర నాకింత వేసేవాడు.

"మీ కోడలు ఉప్పు మర్చినట్టున్నది" అన్నానొకసారి.

"మర్వలే. నా మీద కోపమొచ్చిన్నాడు ఉప్పెయ్యది."

"గట్లయితే వారంల నాలుగు రోజులు కోపమేనా?"

"ఐదు. ఒకనాడు నువ్వు రాలే."

ఒక మధ్యాహ్నం డబ్బా మూత పెట్టుకుంటూ, మొహం చూడకుండా అన్నాడు. "ఒక మాటంట, కోపానికి రావద్దు. మారుమనువు మన కులాలల్ల కొత్తది గాదు. నాతోని ఉంటవా?"

నేను మిరపకాయలు అంటిన చేతిని కొంగుకు తుడుచుకుంటూనే ఉన్నాను. "సోంచాయించి చెప్త" అన్నాను.

"చెప్పు, తొందరేం లేదు. గని ఒక్కటి. ఔనన్నా కాదన్నా నీ మాట ముందుగాల నాకే చెప్పాలె. నా కొడుక్కు నేను చెప్పుకుంట. ఇంకోల్ల నోట్లకెల్లి వాడు వినద్దు. వింటే ఇంగ ఒప్పడు, నాకు తెల్సు వాని సంగతి."

"నా పానం పోయినా ఎవ్వలకు చెప్ప" అన్నాను.

చెప్పలేదు కూడా. పక్కన కూర్చునే ఆడవాళ్లకు చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు. తేల్చుకున్నాక ముందు అతనికి చెప్పి, ఆ తర్వాత చెల్లెలికి చెబుదామనుకున్నాను. నేను అడిగింది టీవీని. దాన్ని మనిషి కింద లెక్కపెట్టుకోలేదు.

తలుపు దగ్గరికి వేసుకొని రిమోట్ పట్టుకున్నాను. ఎప్పటిలాగే నా కథంతా చెప్పుకున్నాను. నాకు యాభై దగ్గర పడ్డాయని, మొగుడు పోయాడని, ఒక మనిషి అడుగుతున్నాడని, బస్తాలు కుట్టేవాడు, మంచోడేనని, చేసుకుంటే తప్పా అని. ఒక స్వామి వచ్చి తిట్టాడు. ఒక వకీలు వచ్చి తప్పు లేదన్నాడు. ఇంకోసారి మా ఈడు మనిషి ఒకామె వచ్చింది. రెండో పెళ్లి చేసుకున్నానని, ఇప్పుడు ఇంట్లో రెండు కంచాలు కడుగుతున్నానని చెప్పింది. ఆమెను నాలుగు సార్లు చూశాను.

ఆ రోజుల్లో చెల్లెలి ఫోన్లు మారాయి. "అక్కా, బావ ఫోటోకు దండ మార్చినవా?" అని అడిగేది. "బిడ్డకు సంబంధాలు చూస్తానం, మన ఇంటి మర్యాద మనమే కాపాడుకోవాలె" అనేది. నేను ఊ కొట్టాను. పిల్ల పెళ్లి పరేషాన్‌లో ఉంది పాపం అనుకున్నాను.

ఒక బుధవారం జ్వరం వచ్చి, పక్కన కూర్చునే ఆమెతో కబురు చెప్పించి పనికి పోలేదు. పొద్దున్నే టీవీ పెట్టుకొని దుప్పటి కప్పుకొని పడుకున్నాను. ఒంట్లో జ్వరం ఉన్నా మనసు తేలికగా ఉంది, ఎందుకంటే ఔననాలని తేల్చుకున్నాను. రిమోట్ తీసి, పెండ్లి రాసే ఆఫీసు వరంగల్‌లో ఎక్కడున్నది, ఏమేం కాయితాలు కావాలె అని అడిగాను. మధ్యాహ్నం దాకా టీవీ ఆడుతూనే ఉంది.

తెల్లారి మార్కెట్‌కు పోయాను. పొద్దున్నే అతనికి చెప్పేద్దామని సీదా బస్తాల దగ్గరికే పోయాను.

"జ్వరం తగ్గిందా అక్కా?" అన్నాడు.

అక్కా అన్నాడు.

"ఏమాయె?"

"ఏమాయె అని నన్నడుగుతానవా? నిన్న నీ చెల్లె అచ్చింది. షెడ్డు నడుమల నిలబెట్టి అడిగింది, మా అక్కను ఏం చేద్దామనుకుంటానవని. హమాలోల్లంత విన్నరు. నా కొడుకు నంబరు షావుకారు దగ్గర తీస్కోని ఆడికెల్లే వానికి ఫోన్ చేసింది."

"నేను చెప్పలే. నా చెల్లెకు నేనొక్క మాట చెప్పలే."

"మరెవలు చెప్పిన్రు? నేను బస్తాలు కుడ్తనని సుత ఎర్కనే ఆమెకు. నువ్వు నిన్న ఇంట్లనే ఉన్నవని సుత ఎర్కనే. నువ్వు లేని రోజు చూస్కోనే అచ్చింది."

ఆ రోజు కూలి వదిలేసి వర్ధన్నపేట బస్సెక్కాను.

చెల్లెలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. అంటే నేను వస్తానని దానికి తెలుసు.

"ఎవలు చెప్పిన్రే నీకు?"

"కూసో అక్కా. చాయ్ పెడ్త."

"చాయ్ ఒద్దు. ఎవలు చెప్పిన్రు?"

చాట పక్కన పెట్టి ఫోన్ తీసింది. ఏదో నొక్కింది. ఫోన్‌లోంచి నా గొంతు వచ్చింది. నా బొంగురు గొంతే, నేను అరిచినట్టే. "నాకు యాభై ఏండ్లు దగ్గర పడ్డయమ్మా, ఒక మనిషి అడుగుతాండు..." అది ఆగి ఇంకో ముక్క వచ్చింది. "మంచోడే, బస్తాలు కుడ్తడు..." లోపలి గదిలో దాని బిడ్డ ఉంది. ఆ పిల్ల తలుపు దగ్గరికి వచ్చి విని, వెనక్కి పోయింది. నా ఒంటి మీది బట్ట జారిపోయినట్టయింది. బంద్ చెయ్యి బంద్ చెయ్యి అని ఫోన్ మీద చేయి వేసి మూశాను.

"నువ్వు టీవీని అడిగినయన్ని నా మెయిల్ కింద పడ్తయక్కా. ఏం చూసినవ్, ఏ యాల్లకు చూసినవ్, అన్ని."

"ఎప్పటిసంది?"

"మొదాలు పెట్టినకాన్నుంచే."

"మోకాలు?"

చాట మళ్లీ దగ్గరికి జరుపుకుంది.

"మేడారం?"

"అక్కా, నీకు మంచే చేసిన గదనే. నూనె పంపలేదా?"

"నాకెందుకు చెప్పలే, ఇవన్ని నీ ఫోన్ల పడ్తానయని?"

"చెప్తే నువ్వు అడగవు గదా" అంది.

ఆ మాట అది దాచుకోకుండా, తప్పేం లేదన్నట్టు చెప్పింది. చెల్లెలు నన్ను మోసం చేసిందని అనుకున్న ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది మార్కెట్లో అది చేసిన రచ్చ కాదు, ఈ మాటే.

"ఒంటిగ ఉన్నవ్. నిన్ను కావలి కాసేటోల్లు ఉండద్దా?" అంది మళ్లీ.

"గోడకు చెవి పెట్టి వినుడును కావలంటరానే?"

"నా బిడ్డ సంబంధం కుదిరేటట్టున్నది. పెద్దమ్మ గీ వయసుల మారుమనువు పోయిందంటే వాల్లు ఏమనుకుంటరు?"

"మన నాయినమ్మ పోలేదా?"

"అప్పుడు అప్పుడే."

"నన్నడగద్దా? నా ఇంటికొచ్చి, అక్కా గిట్లున్నదట నిజమేనా అని నన్నడగద్దా? నేను కాదంటుంటినో ఔనంటుంటినో!"

"నువ్వు ఆఫీసు ఎక్కడున్నదని అడిగినవ్ అక్కా. ఇంగేం అడగాలె నేను?"

అవన్నీ తుడిచెయ్యి, నా ముందే తుడిచెయ్యి అన్నాను. ఫోన్ మీద ఏదో అటూ ఇటూ నొక్కింది. "పోయినయ్" అంది. పోయాయో లేదో నాకు తెలియదు. చదవడం వస్తే తెలిసేది. అది ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి టీవీ తీగ పీకేశాను. దాని ముందు చీర మార్చుకోవడానికి కూడా భయమేసి స్నానాల గదిలోకి పోయాను. రెండో రోజు టీచరమ్మ కిందికి వచ్చి, టీవీ చప్పుడే లేదేంటమ్మా అని అడిగింది. అప్పుడు ఆమెకు చెప్పాను. ముందు రిమోట్ ఇంకో గదిలో పెట్టి వచ్చి చెప్పాను.

ఆమె నవ్వలేదు. టీవీకి మళ్లీ తీగ పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్కటీ చదివి వినిపించింది. ముందు చెల్లెలి మెయిల్ తీసేసింది. తర్వాత టీవీని కొన్ననాటి లెక్కకు తెచ్చింది, అన్నీ చెరిపేసి మళ్లీ మొదటి నుంచి. అవే రాతలు వచ్చాయి, అవే రెండు గళ్లు. ఈసారి చదివే మనిషి ఉంది.

"మీ గొంతు దాచిపెట్టుకుంటాం, ఒప్పుకుంటారా అంటోందమ్మా."

"ఒద్దు."

"మీరు ఏం చూస్తున్నారో గుర్తుపట్టి, దాన్ని బట్టి ప్రకటనలు చూపిస్తాం అంటోంది. కేబుల్‌లో సీరియల్ చూసినా గుర్తుపడుతుందట."

"ఇది ఎవలకు పోతది? నా చెల్లెకా?"

"కాదమ్మా. టీవీ చేసిన కంపెనీకి. వాళ్ల నుంచి ఇంకా ఎవరెవరికో."

"వాల్లకు నాతోని ఏం పని? ఒద్దు."

మెయిల్ అడిగింది. మెయిల్ లేకుండా దాటేసే గడి ఒక మూలన చిన్నగా ఉంది, అది నొక్కింది. అన్నిటికీ ఒద్దన్నాం. ఇక ఇది నడవదు, పాత సామాను వాడికి వేయడమే అనుకున్నాను. టీవీ నడిచింది. వార్తలు వచ్చాయి, సీరియల్ వచ్చింది. ఒప్పుకుంటేనే నడుస్తుందని చెల్లెలు అన్నది అబద్ధమో, దానికీ తెలియదో. చదివి ఉంటే తెలిసేది. నేను చదువు రాక చదవలేదు, అది చదువు వచ్చీ చదవలేదు.

రిమోట్‌కే కాదు, టీవీకి కూడా ఒక మైకు ఉందట, అడుగున వేలితో వెతికి దాన్ని మూసే చిన్న మీట చూపించింది టీచరమ్మ. ఎర్ర దీపం వెలిగితే మూసినట్టు.

"ఇగ నా మాట బయటికి పోదా?"

"దీన్నుంచి పోదమ్మా. ఇంతకుముందు పోయినవి మాత్రం మన చేతుల్లో లేవు. అవి మీ చెల్లెలి మెయిల్‌లో ఉన్నాయి, ఆమె తీస్తేనే పోతాయి."

పోయిన మాటలన్నీ ఎవరికో ఒకరికి చేరాయి. అతనికి చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం అతనికి చేరలేదు. ఔను అన్న మాట నేనింకా అతనికి చెప్పనే లేదు. సోమవారం మార్కెట్ తెరవగానే పోయాను. అతను మిషన్‌కు దారం ఎక్కిస్తున్నాడు.

"ఒక మాట చెప్పిపోత. నేను ఎవ్వలకు చెప్పలే. టీవీని అడిగిన, అది మా చెల్లె ఫోన్ల పడ్డది."

"టీవీ చెప్పిందా?" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "మా వాడు అన్నం పల్లెం ఇసిరికొట్టిండు. ఊరోల్లందరికి తెల్సినంక కొడుక్కు తెల్సుడేంది అన్నడు. ఇప్పుడు పోయి, కాదు బిడ్డా టీవీ చెప్పింది అనాల్నా నేను?"

"నీ కొడుక్కు చెప్పమంటలే. నీకు చెప్తాన. నాది ఔననే మాట. జ్వరం రాకుంటే ఆ బుధారమే చెప్తుంటి. గది నా నోట్లకెల్లి నువ్వు వినాలె, గంతే."

దారం సూదిలోంచి జారిపోయింది. మళ్లీ ఎక్కించాడు. అప్పుడు నా మొహం చూశాడు.

"నేను నిన్ను ఒక్కటే అడిగిన గదా" అన్నాడు.

"అడిగినవ్."

"గదొక్కటి దాయలేకపోతివి."

దాచాననే అనుకున్నాను. తలుపు వేసుకున్నాను, మనిషన్నవాడికి చెప్పలేదు, ఇంకెట్లా దాచాలి? ఇదంతా నోటి దాకా వచ్చింది. కానీ అతని కొడుకు ఇంట్లో అతనితో మాట్లాడటం లేదట, హమాలీలు అతన్ని పేరు పెట్టి కాకుండా పెండ్లికొడుకా అని పిలుస్తున్నారు. ఇవన్నీ మోస్తున్న మనిషికి నా తలుపు గురించి ఏం చెప్పను?

అతను మిషన్ నడిపించాడు. ఒక బస్తా మూతి కుట్టి ఇంకో బస్తా దగ్గరికి జరిగాడు, ఆ తర్వాత ఇంకోదాని దగ్గరికి. నేను నా కుప్ప దగ్గరికి వచ్చి కూర్చొని తొడిమెలు తీయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు అతను డబ్బా పట్టుకొని పక్క షెడ్డులోకి పోయాడు.